దేవుణ్ణి నమ్మే సాధన – నాలుగో పాఠం: మొరపెట్టడం

మూడో పాఠంలో రాత్రి పడుకునే ముందు ఆ రోజు మేళ్లు లెక్కపెట్టుకోవడం సాధన చేశాం. దాన్ని నిజాయితీగా చేసినవాళ్లలో చాలామందికి ఎక్కడో ఒకచోట కలం ఆగిపోయే ఉంటుంది. జరిగిన మేలు రాద్దామని కూర్చుంటే జరగని మేలే కళ్లముందుకొస్తుంది. ఏళ్ల తరబడి అడుగుతున్న సంతానం, తీరని అప్పు, ఇంటికి రాని కొడుకు, మంచం దిగని తల్లి. వాటిని పక్కకు నెట్టేసి "స్తోత్రం ప్రభువా" అని రాసేయకండి. ఈ పాఠం వాటికోసమే.

నేర్చుకోబోయే పని ఇది: మనసులో ఉన్న బాధను, దేవుడి మీదున్న ఫిర్యాదుతో సహా, దేవుడికే చెప్పుకోవడం. కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలుంటే, వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే రకం మొరే. మన కూడికల్లో పాడేవాటిలో మాత్రం స్తుతి పాటలదే పెద్ద వాటా. అందుకే చాలామంది విశ్వాసులకు స్తుతించడం వచ్చు, మొరపెట్టడం రాదు.

ముందు ఒక భయం తీర్చుకుందాం

"దేవుణ్ణి అలా అడగొచ్చా? అది సణుగుడు అవదా? అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగే కదా దెబ్బతిన్నారు?" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన భయమే. సంఖ్యాకాండము 11వ అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. ఒకే అధ్యాయంలో, ఒకే కష్టంలో, రెండు రకాల ఏడుపులున్నాయి.

జనం మాంసం కావాలని ఏడుస్తారు. 10వ వచనం ప్రకారం ఎవరి గుడారం గుమ్మం దగ్గర వాళ్లు కూర్చుని ఏడుస్తున్నారు. ఐగుప్తులో తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు తలుచుకుంటున్నారు. దేవుడి గురించి ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారే తప్ప దేవుడితో ఒక్క మాటా లేదు. 11 నుంచి 15 వరకు మోషే మాటలు చూడండి. ఆయన ఇంకా ఘాటుగా మాట్లాడాడు. నీ సేవకుణ్ణి ఎందుకు బాధపెట్టావు, ఈ జనాన్నంతా నేనే కన్నానా, ఒక్కణ్ణే మోయడం నావల్ల కాదు, ఇలాగే చేసేట్టయితే నన్ను చంపెయ్ అన్నాడు. దేవుడు ఆయన మీద కోపగించుకోలేదు. భారం పంచుకోవడానికి 70 మంది పెద్దల్ని పోగుచెయ్యమని చెప్పాడు.

మాటల ఘాటులో మోషేదే పైచేయి. మరి తేడా ఎక్కడుంది? ఎటు తిరిగి మాట్లాడారన్న దాంట్లో ఉంది. దేవుడికి వీపు పెట్టి పక్కవాడితో అంటే సణుగుడు. ఆయన ముఖం చూసి అంటే మొర. వినడని అనుకునేవాడి దగ్గరికి ఎవరూ ఫిర్యాదు పట్టుకెళ్లరు కాబట్టి, మొర పెట్టడంలోనే నమ్మకం ఉంది. ప్రేమ కూడా ఉంది. పూర్ణహృదయంతో దేవుణ్ణి ప్రేమించమని ద్వితీయోపదేశకాండము 6.5 చెబుతుంది. పుండుపడిన భాగాన్ని దాచి మిగతాది ఇస్తే అది పూర్ణహృదయం ఎలా అవుతుంది?

కావలసినవి

బైబిలు, నోటుపుస్తకం, కలం, 25 నిమిషాలు. ఫోన్ వేరే గదిలో ఉంచండి. ఫోన్లోనే బైబిలు చదివేవాళ్లు ఈ వారానికి అచ్చుపుస్తకం తీయండి, ఎందుకంటే మొర మధ్యలో వచ్చే ఒక్క మెసేజ్ మిమ్మల్ని మళ్లీ గుడారం గుమ్మం దగ్గరికి లాక్కుపోతుంది.

రెండు గదుల ఇంట్లో ఆరుగురుంటే గట్టిగా ఏడవడానికి చోటెక్కడిది అంటారా? సంతానం కోసం దేవుణ్ణి వేడుకున్న హన్నా చేసింది చూడండి. 1 సమూయేలు 1.13లో ఆమె పెదవులు కదిలాయే గాని స్వరం వినబడలేదు. చూసిన యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. పెదవులతో చెప్పినా, కాగితం మీద రాసినా మొర మొరే. రాసింది ఎవరైనా చదువుతారన్న భయముంటే ప్రార్థన అయ్యాక ఆ కాగితం చింపేయండి. చదువుతారన్న భయంతో రాసేవాళ్లు సగమే రాస్తారు.

పాఠ్యభాగం: 13వ కీర్తన

ఆరే వచనాలు. పైన దావీదు కీర్తన అనీ, ప్రధానగాయకునికి అనీ ఉంటుంది. అంటే సమాజమంతా పాడుకోవడానికి ఇచ్చిన పాట అది. మొదటి రెండు వచనాల్లో ఫిర్యాదు, తర్వాతి రెండింట్లో విన్నపం, చివరి రెండింట్లో నమ్మకం. ముందు మూడుసార్లు పైకి చదవండి. దీనికి అయిదు నిమిషాలు.

ఇప్పుడు మొదటి రెండు వచనాలకు తిరిగి రండి. "ఎంతకాలం" అన్న ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది గాని, ప్రతిసారీ వేరే వైపు తిరుగుతుంది. మొదట దేవుడి వైపు: నన్ను మరచిపోయావు, ముఖం తిప్పుకున్నావు. తర్వాత తన లోపలికి: మనసులో చింత, పగలంతా దుఃఖం. ఆపైన ఎదుటివాడి వైపు: శత్రువుదే పైచేయి అవుతోంది. మన బాధ కూడా సాధారణంగా ఈ మూడు ముఖాలతోనే ఉంటుంది. కాని మనం ఒక్కదాన్నే పట్టుకుంటాం. కొందరు ఎదుటివాళ్లనే తిట్టుకుంటారు, కొందరు తమనే నిందించుకుంటారు. దేవుడి మీదున్న మాట మాత్రం దాదాపు అందరూ మింగేస్తారు.

నోటుపుస్తకంలో మూడు ముక్కలు రాయండి, ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు. పది నిమిషాలు చాలు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాల్సిన తల్లి ఉన్న ఒక కొడుకు రాస్తే ఇలా ఉండొచ్చు:

"ప్రభువా, రెండేళ్లుగా అమ్మ గురించి అడుగుతున్నాను. నువ్వు విన్నట్టే లేదు. వేరేవాళ్ల సాక్ష్యాలు వింటుంటే మా ఇల్లే నీకు కనబడలేదా అనిపిస్తోంది.

రాత్రి రెండింటికి మెలకువొస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఆటో డబ్బులు, పోయిన కూలి లెక్కేసుకుంటూ పడుకుంటున్నాను. పొద్దున లేచి అమ్మ మీదే విసుక్కుంటున్నాను.

అన్నయ్య ఫోన్ ఎత్తడు. పెళ్లిలో నలుగురిలో మాత్రం అమ్మను బాగా చూసుకుంటున్నాం అన్నాడు."

ఇందులో బైబిలు భాష లేదు, గమనించండి. ప్రార్థనకు కూర్చోగానే మనలో చాలామంది "పరిశుద్ధుడవైన తండ్రీ, మిమ్మును స్తుతించుచున్నాము" అని గ్రాంథికంలోకి వెళ్లిపోతారు. ఆరాధనలో ఆ భాషకు అందముంది. మొరలో మాత్రం అది అడ్డొస్తుంది. "మిక్కిలి వేదనలో నున్నాను" అని రాస్తే వేదన ఏమిటో మీకే తెలియకుండా పోతుంది. ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగులో రాయండి. మీది ఏ యాసైనా సరే, దేవుణ్ణి నువ్వు అన్నా మీరు అన్నా సరే.

ఫిర్యాదును విన్నపంగా మార్చడం

3, 4 వచనాల్లో దావీదు అడిగినవి మూడు: నా వైపు చూడు, నాకు జవాబియ్యి, నా కళ్లకు వెలుగియ్యి. పై ఫిర్యాదులతో కలిపి చూడండి. ముఖం తిప్పుకున్నావన్న చోట చూడమంటున్నాడు. లోపల చీకటిగా ఉన్నచోట వెలుగు అడుగుతున్నాడు. శత్రువు ఊసు వచ్చినచోట, లేకపోతే వాడు గెలిచానని చెప్పుకుంటాడని కారణం చూపిస్తున్నాడు. ప్రతి ఫిర్యాదుకూ ఒక విన్నపం, విన్నపానికి ఒక కారణం.

మీ మూడు ముక్కల కింద మూడు విన్నపాలు రాయండి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ఫిర్యాదు వివరంగా రాసినవాళ్లే విన్నపం దగ్గరికొచ్చేసరికి "మమ్మల్ని ఆశీర్వదించు" అని ముగించేస్తారు. అలా అడిగితే జవాబొచ్చినా గుర్తుపట్టలేం. ఆ కొడుకు రాయాల్సింది ఇలాంటిది: "నువ్వు మమ్మల్ని చూస్తున్నావని ఈ వారం నాకు తెలిసేలా చెయ్యి, లేకపోతే ప్రార్థనే మానేస్తానేమో. బుధవారం ఆసుపత్రిలో ఆ నాలుగు గంటలూ అమ్మతో విసుక్కోకుండా మాట్లాడే ఓపికివ్వు, ఆమె ఇప్పటికే నాకు భారమైపోయానని ఏడుస్తోంది. ఆదివారం అన్నయ్య ఇంటికెళ్లి నెలకు ఎంత సర్దగలడో అడుగుతాను, గొడవ పడకుండా మాట్లాడనివ్వు, లేకపోతే మా మధ్య మాటలే ఆగిపోతాయి."

అమ్మకు పూర్తిగా నయం కావాలని కూడా అడగాలి. పెద్ద విన్నపం మానేసి చిన్నవే అడగడం వినయం అనిపించుకోదు.

"నేనైతే" దగ్గర తొందరపడకండి

అయిదో వచనం "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచి యున్నాను" అని మొదలవుతుంది. నాలుగో వచనానికీ అయిదో వచనానికీ మధ్య ఏం జరిగిందో కీర్తన చెప్పదు. శత్రువు పోయాడని లేదు, జవాబు వచ్చిందని లేదు. పరిస్థితి ఉన్నచోటే ఉండగా దావీదు నమ్మకం వైపు తిరిగాడు. హన్నా విషయంలోనూ అంతే. 1 సమూయేలు 1.18లో ఆమె వెళ్లి భోజనం చేసింది, ఆ తర్వాత ఆమె ముఖంలో దుఃఖం లేదు. అప్పటికి ఆమె అడిగిన కొడుకు సమూయేలు కడుపున పడలేదు. ఏలీ పలికిన సమాధానపు మాట ఒక్కటే ఆమె చేతిలో ఉంది.

ఈ మలుపును దాటించేది గతం. ఆరో వచనంలో యెహోవా నాకు మేలు చేశాడు, ఆయన్ని కీర్తిస్తాను అంటాడు. చేసిన మేలు వెనక ఉంది, పాట ముందుంది. మూడో పాఠంలో రాసిన మేళ్ల పేజీ ఇప్పుడు తీయండి. అందులోంచి ఒక్కటి, ఎప్పుడు ఎక్కడ జరిగిందో గుర్తున్నది, ఎంచుకుని "నేనైతే" అని మొదలుపెట్టి దాని కిందే రాయండి: "అమ్మను మొదటిసారి చేర్చిన రాత్రి రక్తం కోసం తిరుగుతుంటే సంఘం కుర్రాళ్లిద్దరు వచ్చి ఇచ్చారు. పంపింది నువ్వే." అన్ని మేళ్లూ గుదిగుచ్చి రాయొద్దు. ఒక్కదాని మీద అయిదు నిమిషాలు నిలబడండి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఫిర్యాదు రెండు వాక్యాలు రాయగానే భయమేసి "అయినా స్తోత్రం" అని అయిదో వచనానికి గెంతుతారు. కూడికల్లో కూడా ఎవరైనా కష్టం చెప్పుకుంటుంటే మాట పూర్తికాకముందే "దేవునికి స్తోత్రం చెప్పమ్మా" అనేస్తాం. ప్రేమతోనే అంటాం, కాని విన్న మనిషి తన దుఃఖాన్ని ఇంటికి మోసుకుపోతుంది. మొదటి నాలుగు వచనాలు లేని అయిదో వచనం ఎక్కువకాలం నిలవదు. అన్నీ పోగొట్టుకుని బాధలో ఉన్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు దేవుణ్ణి గట్టిగా సమర్థించారు, యోబు దేవుడితోనే వాదించాడు. చివరికి 42.7లో దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద.

"నేనైతే" రాయబుద్ధి కాని రోజు కూడా వస్తుంది. ఆ రోజు నాలుగో వచనం దగ్గరే ఆపి, "రేపు వస్తాను" అని లేవండి. రాని మాట రాయడం దేవుడికి అబద్ధం చెప్పడమే. రేపు రావడం మాత్రం మానకండి.

ఇంకో పొరపాటు, రోజంతా మొరలోనే ఉండిపోవడం. 25 నిమిషాల గడువు అందుకే పెట్టింది. పుస్తకం మూసి పనిలోకి వెళ్లండి. బాధ మళ్లీ గుర్తొస్తే "పొద్దున చెప్పాను ప్రభువా" అని ఒక్క మాట చాలు. ఇక ఎదుటివాడి మీద కోపం మరీ ఎక్కువగా ఉంటే దాన్నీ రాయండి, పేరుతో సహా. వాడికి ఏం చెయ్యాలో దేవుడే తేలుస్తాడు, మీ చేతుల్లోకి తీసుకోవద్దు. ఆ కాగితం ఎవరికీ చూపించొద్దు, వాట్సాప్‌లో అసలే పెట్టొద్దు.

ఒక జాగ్రత్త. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి తప్పినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ఈ సాధన ఒక్కటే సరిపోదు. ఇంట్లోవాళ్లకూ పాస్టరుగారికీ చెప్పండి, డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఇది విశ్వాసం తగ్గడం కిందికి రాదు. 1 రాజులు 19లో ప్రవక్త ఏలీయా చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చెప్పలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు, నిద్రపోనిచ్చాడు, లేపి మళ్లీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాతే.

ఈ వారం అభ్యాసం

మొదటి మూడు రోజులూ 13వ కీర్తనతోనే, అదే బాధ మీద చేయండి. రోజుకొక కొత్త బాధ ఎత్తుకుంటే ఏదీ లోతుకు దిగదు. నాలుగో రోజు 6వ కీర్తన. అందులో కన్నీళ్లతో పరుపు తడిసిన మాట దగ్గర ఆగండి. అయిదో రోజు 42, 43 కీర్తనలు కలిపి చదవండి. "నా ప్రాణమా, ఎందుకు కుంగిపోయావు" అని తనను తానే అడిగే పల్లవి మూడుసార్లు వస్తుంది. ప్రతిసారీ దాని ముందున్న వచనాల్లో ఏం మారిందో రాసుకోండి. ఆరో రోజు 77వ కీర్తన. "నేను" అన్న మాట ఎక్కడ తగ్గి "నీవు" అన్న మాట ఎక్కడ పెరుగుతుందో పెన్సిలుతో గీత పెట్టండి. ఏడో రోజు ఏమీ రాయకుండా, వారంలో రాసిన విన్నపాలు చదివి, జవాబొచ్చినవాటి పక్కన తేదీ వేయండి. జవాబు రానివాటి పక్కన ఖాళీ వదలండి.

వచ్చే పాఠానికి 88వ కీర్తన ఒకసారి చదివి రండి. అందులో "నేనైతే" మలుపు కనబడదు, చీకటి మాటతోనే ముగుస్తుంది. అయినా అదెందుకు కీర్తనల్లో ఉందో, దాంతో ఎలా ప్రార్థించాలో అయిదో పాఠంలో చూద్దాం.