పారిష్ స్కూల్ బిల్డింగ్‌కి చందాలు మొదలెట్టే ముందు ఇవి చూస్కోండి

ఫాదర్ గారు నోటితో సరే అన్నారు కదా అని కరపత్రాలు కొట్టించేయకండి, ముందు బిషప్ గారి పర్మిషన్ కాగితం మీద తీస్కోండి. ఇంజనీర్ ఎస్టిమేట్ కూడా చేతిలో ఉండాలి.

అసలు జాగ్రత్త ఫారిన్ డబ్బు దగ్గర. అమెరికాలో ఉన్న మన పాత స్టూడెంట్‌కి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే తన సొంత సంపాదన పంపొచ్చు, అదే అక్కడి సిటిజన్‌షిప్ తీస్కుంటే మాత్రం ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాల్సిందే, 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి అకౌంట్‌లోనే పడాలి.

80జీ (చందా ఇచ్చినవాళ్లకి ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉందని చెప్పేముందు నిజంగా ఉందో లేదో చూడండి, క్యాష్ 2,000 దాటితే మినహాయింపు రాదు.

ఆదివారం పూజయ్యాక ఏ అవ్వో కొంగుముడి విప్పి యాభై రూపాయలిస్తే, దానిక్కూడా అక్కడే నిలబడి రసీదు రాసివ్వండి.