సరుకుల లిఫ్ట్ కంట్రోలర్‌లో చాలామంది గీయని రెండు స్టేట్లు

గోదాము లిఫ్ట్‌కి స్టేట్ మెషీన్ (ఉండగల స్థితులు, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎప్పుడు మారాలో చెప్పే లాజిక్) డిజైన్ చేసేటప్పుడు చాలామంది పైకి, కిందికి, ఖాళీ, ఫాల్ట్ అని నాలుగు స్టేట్లు గీసి కోడ్ మొదలుపెట్టేస్తారు. చిక్కు కరెంటు పోయి వచ్చినప్పుడు బయటపడుతుంది. పెట్టె రెండు అంతస్తుల మధ్య ఆగిపోయి ఉంటుంది, ఏ ఫ్లోర్ స్విచ్చూ నొక్కుకుని ఉండదు. మెషీన్ మాత్రం రీసెట్ అయి, తాను గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఉన్నాననుకుంటుంది. అందుకే రీసెట్ తర్వాత మొదటి స్టేట్ 'ఎక్కడున్నానో తెలియదు' అని పెట్టండి. తలుపులన్నీ మూసి ఉంటేనే నెమ్మదిగా కిందికి దిగాలి, అట్టడుగున ఉన్న ఫ్లోర్ స్విచ్ తగిలాకే 'ఖాళీ'లోకి వెళ్లాలి.

రెండోది, 'పైకి' నుంచి 'కిందికి' నేరుగా బాణం వద్దు. మధ్యలో టైమర్‌తో ఒక 'ఆగు' స్టేట్ ఉండాలి. మోటారు త్రీఫేజ్‌ది అయితే, రెండు దిశల కాంటాక్టర్లు (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చులు) ఒకేసారి పడితే ఫేజులు షార్ట్ అవుతాయి. వైరింగ్‌లో ఇంటర్‌లాక్ (ఒకటి పడితే రెండోది పడకుండా ఆపే ఏర్పాటు) ఎలాగూ ఉండాలనుకోండి.

ఇప్పుడు ఆరు స్టేట్లయ్యాయి. మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లతో (ఒక్కోటి 0 లేదా 1ని గుర్తుంచుకునే సర్క్యూట్) ఎనిమిది కోడ్‌లు వస్తాయి కాబట్టి మిగిలిన రెండింటినీ ఫాల్ట్‌కి పంపండి. 'డోంట్ కేర్' (ఏం జరిగినా ఫర్వాలేదు) అని వదిలేస్తే లాజిక్ చిన్నదవుతుంది, పరీక్షలో మార్కులూ వస్తాయి. లిఫ్ట్‌కి మాత్రం అది పనికిరాదు.

ఎమర్జెన్సీ స్టాప్, డోర్ లాక్, చివరి లిమిట్ స్విచ్ మాత్రం ప్రోగ్రామ్ దయ మీద ఉండకూడదు. అవి కాంటాక్టర్‌ని లాగి పట్టుకునే కాయిల్ సప్లైని నేరుగా తెంచేయాలి. సప్లై తెగిందన్న సంగతి చదివి ఫాల్ట్‌లోకి వెళ్లడమే స్టేట్ మెషీన్ పని.