పాత కారు, మన చేతులు – 5వ పాఠం: పికప్ లేని బండికి రోగం కనిపెట్టడం

గత పాఠంలో ప్లగ్గులు విప్పి, తోమి, గ్యాప్ సరిచేసి బిగించాం. ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి దులిపాం. ఇన్ని చేశాక కూడా బండి సరిగ్గా లాగడం లేదంటే ఏం చేయాలన్నదే ఈ పాఠం. మొదటి పాఠం నుంచి మనం పట్టుకున్న బండి అదే: కార్బరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న పాత మారుతి 800. 796 సీసీ, మూడు సిలిండర్లు, ప్లాటినం పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా నిప్పు పంచే డబ్బా; పాయింట్లంటే అందులో కరెంటును తెరిచి మూసే కొసలు). తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బరేటర్ బదులు కంప్యూటరు చెప్పినంత పెట్రోలు చిమ్మే) బండ్లకు సెన్సార్ల గొడవ వేరే ఉంది, దానికి విడిగా పాఠం రాస్తాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. పికప్ తగ్గిందనగానే కార్బరేటర్ విప్పకండి. పాత బండిలో దాన్ని విప్పడం సులువే, మళ్లీ పాత కుదురుకు తేవడమే కష్టం. గాలి, పెట్రోలు, నిప్పు (ప్లగ్గు వేసే రవ్వ), కుదింపు (కంప్రెషన్), ఈ నాలుగింటిలో ఏది తగ్గిందో తేలాకే పానా పట్టుకోవాలి. అది తేల్చడానికి దాదాపు పైసా ఖర్చు ఉండదు.

షెడ్డులో "పికప్ లేదు" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. మొదటిది తడబాటు. సిగ్నల్ దగ్గర ఆగి ఎక్సిలేటర్ మీద కాలు వేయగానే ఇంజిన్ ఒక గుటక మింగినట్టు తగ్గి, ఆ తర్వాత అందుకుంటుంది. రెండోది నీరసం. తడబాటేమీ లేదు, కానీ ఎంత తొక్కినా ఒక వేగం దాటదు, ఫ్లైఓవర్ ఎక్కడానికే గేరు తగ్గించాల్సి వస్తుంది. మూడోది మిస్సింగ్. సాఫీగా పోతూ పోతూ ఉండుండి కుదుపు ఇస్తుంది. వీటి కారణాలు ఒకచోటివి కావు. కాబట్టి ఒక చిన్న నోటు పుస్తకం బండిలో పెట్టుకుని, జబ్బు ఎప్పుడు వస్తోందో మూడు నాలుగు రోజులు రాయండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? కాలు వేసిన క్షణంలోనా, వేసి ఉంచినప్పుడా? బయలుదేరగానేనా, ఇరవై నిమిషాల తర్వాతా? ఈ రాతకోతల విలువ కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇంజిన్ జోలికి పోయేముందు ఇంజిన్‌ది కాని తప్పును పక్కన పెట్టేయాలి. సమతలం మీద గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, బండిని తోసి చూడండి. ఇంత చిన్న బండి ఒక మనిషి తోస్తే కదలాలి. కదలనని మొండికేస్తే, కాసేపు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒక చక్రం మాత్రమే వేడి కక్కుతుంటే బ్రేకు పట్టేసి ఉంది. ఇంజిన్ మోత పెరుగుతున్నా స్పీడు పెరగకపోతే అది క్లచ్ జారడం. ఇక మూడో సంగతి: ఎవరినైనా లోపల కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపి ఉండగా, ఎక్సిలేటర్ పూర్తిగా తొక్కమనండి. కార్బరేటర్ మీది లివర్ చివరిదాకా తిరుగుతోందా? కేబుల్ సాగిపోయినా, కింద మందపాటి మ్యాట్ అడ్డుపడినా సగమే తెరుచుకుంటుంది. ఇంజిన్ వేడెక్కాక చోక్ రేకు (చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి గాలి తగ్గించేది) నిలువుగా, పూర్తిగా తెరుచుకుని ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి.

ఇప్పుడు తడబాటు దగ్గరికి వద్దాం. ఎక్సిలేటర్ ఒక్కసారిగా తొక్కితే గాలి తేలిక కాబట్టి వెంటనే దూసుకొస్తుంది. పెట్రోలు బరువు, పైగా కొంత మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి చేరవేసే గొట్టం) గోడలకు అంటుకుపోతుంది. ఆ కాసేపు గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. ఆ లోటు పూడ్చడానికే కార్బరేటర్‌లో యాక్సిలరేటర్ పంపు అనే బుల్లి పిచికారీ ఉంటుంది. దాని డయాఫ్రమ్ (సాగే పలచటి పొర) గట్టిపడినా, ముక్కు మూసుకుపోయినా మీరు పడే తడబాటు అచ్చంగా ఇదే.

పరీక్ష తేలిక. ఇంజిన్ ఆపేయండి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్ వద్దు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా పైకి తీసి, టార్చితో కార్బరేటర్ గొంతులోకి చూస్తూ లివర్‌ను చేత్తో తిప్పండి. తిప్పిన మరుక్షణమే పెట్రోలు సన్నటి ధారగా, జోరుగా చిమ్మాలి. ఆలస్యంగా వచ్చినా, కారినట్టు వచ్చినా, అసలు రాకపోయినా పంపే దోషి. అప్పుడు కార్బరేటర్ మొత్తం విప్పనక్కర్లేదు, పంపు డయాఫ్రమ్ ఒక్కటి మారిస్తే చాలు.

ధార బాగానే ఉంది, తడబాటు మాత్రం పోలేదు. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రటి రేకు డబ్బా, దానికి ఒక సన్న రబ్బరు గొట్టం చూడండి. అది వాక్యూమ్ అడ్వాన్స్. ఎక్సిలేటర్ కొద్దిగా తొక్కి సాఫీగా పోతున్నప్పుడు నిప్పురవ్వ కొంచెం ముందుగా పడేలా చేసే ఏర్పాటు అది. గొట్టం కార్బరేటర్ వైపు ఊడదీసి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, గొట్టం చివర నోట్లో పెట్టుకుని పీల్చండి. లోపల పాయింట్లున్న పలక కదలాలి. పీల్చి నాలుకతో మూస్తే నాలుకను అలాగే పట్టి ఉంచాలి. పట్టు నిలవకపోతే ముందు గొట్టం పగుళ్లు చూడండి, ఎండకు ఎండిన రబ్బరు చివర్లలోనే చీలుతుంది. గొట్టం బాగుంటే డబ్బాలోని డయాఫ్రమ్ చిరిగినట్టే. మూత ఎలాగూ తీశారు కాబట్టి దాని కింద తిరిగే ముక్క, రోటర్‌ను అది తిరిగే వైపు వేళ్లతో కొంచెం తిప్పి వదలండి. స్ప్రింగు లాగినట్టు టక్కున వెనక్కి రావాలి. రాకపోతే వేగం పెరిగేకొద్దీ నిప్పును ముందుకు జరిపే లోపలి బరువులు తుప్పుతో బిగుసుకున్నాయని అర్థం.

తడబాటుకు ఇంకో కారణం, దొంగ గాలి. కార్బరేటర్ కింది ప్యాకింగ్ దగ్గరో, బ్రేక్ బూస్టర్ (బ్రేకుకు బలం పెంచే డబ్బా) గొట్టం దగ్గరో లోపలికి గాలి పీలుస్తుంటే ఐడ్లింగ్ (కాలు వేయకుండా ఇంజిన్ నడిచే నడక) కూడా వణుకుతుంది. ఇంజిన్ నడుస్తుండగా సబ్బునీళ్లు ఆ అతుకుల మీద కొద్దికొద్దిగా పోయండి. ఎక్కడ పోస్తే ఇంజిన్ చప్పుడు మారుతుందో అక్కడే చిల్లు.

నీరసం సంగతికి వస్తే, అక్కడ నేను స్వయంగా అనుభవించింది చెప్పాలి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. మైదానంలో హాయిగా వచ్చిన బండి ఘాట్‌లో నాలుగైదు మలుపులు తిరగ్గానే ఊపిరాడనట్టు తగ్గిపోయి ఆగిపోయింది. పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు లేచింది. రెండు కిలోమీటర్లు పోయి మళ్లీ అదే కథ. ఇంటికొచ్చాక ఒక మెకానిక్ కార్బరేటర్ విప్పి కిట్ మార్చాడు. తేడా లేదు. ఆ తర్వాత ఒకరోజు బంకులో ట్యాంకు మూత తిప్పగానే "సుయ్"మని గాలి లోపలికి పోయిన చప్పుడు వినిపించింది. అక్కడ దొరికింది జబ్బు. పెట్రోలు ఖాళీ అయ్యేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. ఆ గాలి గొట్టం మూతిని కుమ్మరి పురుగు మట్టితో మూసేసింది. అంతకుముందు బండి వేసవంతా కదలకుండా పడి ఉంది మరి. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు ఎంత పీల్చినా పెట్రోలు రావడం తగ్గిపోయింది. మైదానంలో చాలినంత వచ్చేది, ఘాట్‌లో కాదు. ఆపితే మెల్లగా గాలి జొరబడి మళ్లీ కుదురుకునేది. ఒక సన్న తీగతో మట్టి పొడిచేస్తే పోయింది.

అందుకే ఎప్పుడు వస్తోందో రాయమన్నాను. "కాసేపు పోయాక వస్తోంది, ఆపితే పోతోంది" అని రాసి ఉంటే దారి సగం తెలిసినట్టే. అలాంటి జబ్బు వచ్చినప్పుడు వెంటనే దిగి ట్యాంకు మూత తెరవండి. బండి తేరుకుంటే గాలి దారి చూడండి. తేరుకోకపోతే పెట్రోలు ఫిల్టర్ మార్చండి, అది ఖరీదైన వస్తువు కాదు. ఇంకా అనుమానం ఉంటే ఆ పెట్రోలు పంపు పరీక్ష చేయాలి. ప్లగ్గులకు నిప్పు పుట్టించే డబ్బా, అదే కాయిల్‌కు వచ్చే సన్న వైరు ఊడదీసి చివరకు టేపు చుట్టండి, లేకపోతే నిప్పురవ్వ ఎగురుతుంది. కార్బరేటర్‌కు వచ్చే పెట్రోలు గొట్టం ఊడదీసి ఒక సీసాలో పెట్టి, సెల్ఫ్ కొట్టమనండి. పెట్రోలు గుటకలు గుటకలుగా జోరుగా పడాలి. బుడగలతో వస్తే గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది. నీరసంగా కారితే పంపు డయాఫ్రమ్ పోయింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ఈ పని చేయండి.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి ఇథనాల్ సంగతి చెప్పకుండా వదలలేను. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కిలో పెట్రోలు మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. కొత్త బండి సెన్సార్‌తో తెలుసుకుని పెట్రోలు పెంచుకుంటుంది. మన కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. అదే జెట్లతో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు) పోస్తే మిశ్రమం పలచబడి, తడబాటు ఎక్కువవుతుంది. పైగా ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, తేమను పీలుస్తుంది. కాబట్టి పాత గొట్టాలన్నీ ఒకసారి వేళ్లతో నొక్కి చూడండి. జిగటగా, ఉబ్బినట్టు ఉన్నవాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చేయండి. పెట్రోలు కారే గొట్టం వల్ల పోయేది పికప్ ఒక్కటే కాదు, బండికి నిప్పంటుకోవచ్చు.

మిస్సింగ్ విషయంలో నా అనుమానం ముందు నిప్పు మీదే. మూడు సిలిండర్లలో ఒకటి పడుకుంటే మూడో వంతు బలం పోతుంది, బండి మొత్తం వణుకుతుంది. ఇంజిన్ ఆపి ఒక ప్లగ్గు మీది వైరు ఊడదీయండి. ఆ వైరులో ఒక పాత ప్లగ్గు గుచ్చి, దాని లోహపు భాగం ఇంజిన్‌కు గట్టిగా తగిలేలా పెట్టి, స్టార్ట్ చేసి చూడండి. ఇలా ఒక్కో సిలిండర్‌కూ చేయాలి. తీశాక ఇంజిన్ ఇంకా చతికిలబడితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తీసినా తేడా లేకపోతే పడుకున్నది అదే. నడుస్తున్న ఇంజిన్ మీద వట్టి చేత్తో వైరు లాగకండి, షాక్ గట్టిగా కొడుతుంది. రాత్రి చీకట్లో బానెట్ తెరిచి వైర్ల మీద నీళ్లు సన్నగా చిలకరిస్తే, పాడైన వైరు మీద నీలి మెరుపులు పాకడం కంటికే కనిపిస్తుంది. వానాకాలంలో మాత్రమే మిస్సింగ్ వచ్చే బండ్లకు ఈ పరీక్ష తప్పక చేయండి.

పాయింట్ల సంగతి మాత్రం తొందరగా తేలదు. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే మూడు సిలిండర్లకూ కలిపి సెకనుకు 75 సార్లు అవి తెరుచుకోవాలి. అంత పనికి అరగడం, గుంటలు పడటం సహజం. గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఒక పాయింటు మీద గుంట, ఎదురుదాని మీద గుట్ట తేలితే కండెన్సర్ (పాయింట్ల మధ్య రవ్వలు ఎగరకుండా ఆపే చిన్న డబ్బా) కూడా అనుమానించాలి. పాయింట్లు, కండెన్సర్ ఎప్పుడూ జతగానే మార్చండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా నీరసం పోకపోతే మిగిలింది కుదింపు. వాల్వులు, రింగులు, టైమింగ్ బెల్టు ఒక పన్ను జారడం లాంటివి. దానికి కంప్రెషన్ గేజ్ కావాలి, వచ్చే పాఠం పూర్తిగా దానిమీదే.

ఈ వారం పని: ఇంజిన్ పరీక్షల్లో మొదట ఎక్సిలేటర్ పంపు ధార, రెండోది వాక్యూమ్ గొట్టం పీల్చడం, మూడోది ట్యాంకు మూత చప్పుడు. ఒక్కోటి చేశాక ఏం కనిపించిందో పుస్తకంలో తేదీ వేసి రాయండి. ఒక రోజు ఒక్కటే మార్చండి, మార్చాక అదే రోడ్డు మీద అదే గేరులో నడిపి చూడండి. వచ్చే పాఠానికి ఒక ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు), ఒక చెంచా ఇంజిన్ ఆయిలు సిద్ధంగా పెట్టుకోండి.