టిక్జ్‌తో ఫిజిక్స్ బొమ్మలు: ఎర్రర్ చూపించని తప్పులు

లేటెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థలో, కమాండ్లు రాసి బొమ్మలు గీసే టిక్జ్ ప్యాకేజీని వాడేవాళ్లకు ఎర్రర్ వచ్చి పని ఆగిపోవడం చిరాకే గానీ, ప్రమాదం కాదు. కంపైల్ చక్కగా అయిపోయి బొమ్మలో ఫిజిక్స్ తప్పిపోవడమే అసలు ప్రమాదం. ప్రశ్నపత్రం అచ్చయ్యాక పిల్లలు పట్టుకునేది దాన్నే. అందుకే ముందు ఆ సంగతి.

వాలు తలం మీద బరువు బాణం నిటారుగా కిందికి దిగట్లేదు

దిమ్మెను సులువుగా గీయడానికి స్కోప్‌కి (కొన్ని గీతల కమాండ్లను కలిపి ఉంచే బ్లాకుకి) రొటేట్=30 పెడతాం. అప్పుడు దిమ్మె, ఘర్షణ బలం, అభిలంబ బలం అన్నీ వాలుతో పాటు తిరుగుతాయి. మనకు కావలసిందీ అదే. కానీ బరువు బాణాన్ని కూడా అదే స్కోప్‌లో (0,-2) అని రాస్తే అదీ తిరిగిపోయి, భూమి వైపు కాకుండా తలానికి లంబంగా దిగుతుంది. చూడ్డానికి బొమ్మ నీట్‌గానే ఉంటుంది కాబట్టి చాలామంది గమనించరు.

బాణం కొనను కోణం, పొడవులతో చెప్పండి: (-120:2). అంటే -90 లోంచి వాలు కోణం తీసేశాం. వాలు 37 డిగ్రీలైతే -127. అంశాలు కూడా చూపించాలంటే వాలు వెంట కిందికి (-1,0), తలంలోకి (0,-1.73). ఈ రెండూ కలిస్తే సరిగ్గా బరువు బాణం కొన దగ్గరకే వస్తాయి. రాకపోతే ఎక్కడో కోణం తప్పినట్టే. కోణాన్ని మొదట్లోనే ఒక మాక్రోలో పెట్టుకుంటే, రేపు వాలు మార్చినా బొమ్మంతా దానంతటదే సర్దుకుంటుంది.

తీటా గుర్తు బయటివైపు పెద్ద చాపంలా పడుతోంది

కోణం గుర్తు గీసే యాంగిల్స్ లైబ్రరీ (టిక్జ్‌కి విడిగా పిలుచుకునే అదనపు భాగం) మొదటి బిందువు నుంచి మూడో బిందువుకి అపసవ్య దిశలోనే కొలుస్తుంది. మొదటి, మూడో బిందువుల పేర్లు తారుమారు చేయండి, 330 డిగ్రీలు 30 అయిపోతాయి.

కటకం బొమ్మలో కిరణాలు ఒకచోట కలవట్లేదు

ప్రతిబింబాన్ని కంటి అంచనాతో పెట్టారన్నమాట. లెక్క కట్టి పెట్టండి. నాభ్యంతరం 2, వస్తువు 3 దూరంలో ఉంటే ప్రతిబింబం 6 దగ్గర, తలకిందులుగా, రెండింతల ఎత్తులో ఏర్పడాలి. వస్తువు కొన (-3,1) అయితే ప్రతిబింబం కొన (6,-2). కటకం మధ్యలోంచి పోయే కిరణం, (0,1) దగ్గర వంగి నాభి (2,0) మీదుగా పోయే కిరణం, రెండూ అక్కడికే చేరతాయి.

లెక్కకు ఓపిక లేకపోతే, గీతలు కలిసే బిందువును వెతికే ఇంటర్‌సెక్షన్స్ లైబ్రరీ ఉంది. అయితే మీరు గీత ఎక్కడిదాకా గీశారో దానికి అక్కడిదాకానే తెలుసు. రెండు గీతలూ నిజంగా తాకకపోతే, ఇంటర్‌సెక్షన్-1 అనే షేప్ లేదని ఎర్రర్ ఇస్తుంది. గీతల్ని ఇంకాస్త పొడిగించండి.

సైన్ తరంగం గీస్తే దాదాపు అడ్డగీత వచ్చింది

టిక్జ్‌కి సైన్ అంటే డిగ్రీల్లోనే. 0 నుంచి 6.28 దాకా ఇస్తే అది 6.28 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, అక్కడ విలువ 0.11 మాత్రమే. చరరాశి పక్కన ఆర్ అక్షరం చేర్చితే రేడియన్లుగా తీసుకుంటుంది. తరంగం గరుకుగా మూలలు తిరిగి ఉంటే శాంపిల్స్‌ని 100 చేయండి, మామూలుగా 25 బిందువులే వాడుతుంది.

స్ప్రింగ్ స్థితిజశక్తి గ్రాఫ్‌లో ఎడమ సగం తలకిందులైతే కారణం వేరు. ఎక్స్ స్థానంలో -2 వచ్చినప్పుడు టిక్జ్ దాన్ని యథాతథంగా అతికిస్తుంది, వర్గం 2కి మాత్రమే పడి -4 అవుతుంది. వర్గం వేసే ముందు ఎక్స్‌ని బ్రాకెట్లో పెట్టండి.

ఇక ఎర్రర్లు

“సెమికోలన్ మర్చిపోయారా” అని అడిగితే నిజంగానే మర్చిపోయారు. అది చూపించే లైన్లో కాదు, దానికి ముందున్న డ్రా కమాండ్ చివర వెతకండి. కాయిల్ డెకరేషన్ తెలియదంటే డెకరేషన్స్.పాత్‌మార్ఫింగ్ లైబ్రరీని, బాణం మొన తెలియదంటే యారోస్.మెటాని పిలవలేదని అర్థం. “డైమెన్షన్ టూ లార్జ్” వచ్చిందంటే కాంతి వేగాన్ని 300000000 అని నేరుగా గ్రాఫ్‌లో పెట్టేసి ఉంటారు. లేటెక్‌కి ఆధారమైన టెక్ పట్టగలిగే పొడవు సుమారు 575 సెం.మీ. అంకె పక్కన యూనిట్ రాయకపోతే టిక్జ్ దాన్ని సెంటీమీటర్లుగానే చదువుతుంది. 3 అని పెట్టి, పది ఘాతాన్ని అక్షం పేరులో రాయండి.

తెలుగు పేర్లు మాయమవుతున్నాయి

తెలుగు మీడియం వాళ్లకు వర్క్‌షీట్లు చేసేవాళ్ల ప్రధాన తలనొప్పి ఇదే. మామూలుగా వాడే పీడీఎఫ్‌లేటెక్ కంపైలర్‌తో కుస్తీ పట్టకండి. కంపైలర్‌ని జీలేటెక్‌కి మార్చి, ఫాంట్‌స్పెక్ ప్యాకేజీతో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ పెట్టండి. ఫాంట్ ఆప్షన్లలో స్క్రిప్ట్=తెలుగు అని ఇవ్వకపోతే వత్తులు విడిపోయి, “ఘర్షణ” కాస్తా హలంతుతో ముక్కలుగా కనిపించవచ్చు. లువాలేటెక్ అనే మరో కంపైలర్ వాడేవాళ్లు ఫాంట్ ఆప్షన్లలో రెండరర్‌గా (అక్షరాలను కూర్చే భాగంగా) హార్ఫ్‌బజ్ కూడా చెప్పాలి.

ఇంత చేసినా డాలర్ గుర్తుల మధ్య, ఎఫ్ కింద సబ్‌స్క్రిప్ట్‌గా రాసిన “ఘర్షణ” మాత్రం కనిపించదు. గణిత మోడ్‌కి వేరే ఫాంట్ ఉంటుంది, అందులో తెలుగు లేదు. ఏఎమ్ఎస్‌మ్యాథ్ ప్యాకేజీలోని టెక్స్ట్ కమాండ్‌లో ఆ మాటను పెట్టండి. ఇక్కడా కంపైల్ ఆగదు. లాగ్ ఫైల్లో “మిస్సింగ్ క్యారెక్టర్” అని వెతికితే ఏ అక్షరం ఎగిరిపోయిందో తెలుస్తుంది.