వీధిలో పిల్లల్ని కలిపి బడికి నడిపించుకెళ్లడం: ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

ఒకప్పుడు పొద్దున బడి టైమ్‌కి మా వీధిలోంచి ఏడెనిమిది బండ్లు బయల్దేరేవి. అన్నీ ఒకే గేటు దగ్గరికి. నడిస్తే పదిహేను నిమిషాల దూరం, అయినా ఎవరి పిల్లని వాళ్లు ఎక్కించుకుని, ఎవరి టెన్షన్ వాళ్లు పడుతూ వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఐదిళ్ల పిల్లలు, మొత్తం ఎనిమిది మంది, కలిసి నడిచి వెళ్తున్నారు. రోజుకి ఇద్దరు పెద్దవాళ్లం తోడు వెళ్తాం, అంటే వారానికి ఒక్కో ఇంటికి రెండు పూటలే వంతు వస్తుంది, మిగతా మూడు పొద్దుటలు ఖాళీ. ఎవరైనా చేయగలిగిన పనే ఇది, కాకపోతే మొదట్లో కొన్ని విషయాలు సరిగ్గా కుదుర్చుకోకపోతే రెండు వారాల్లో ఆగిపోతుంది.

ఈ పద్ధతికి వాకింగ్ స్కూల్ బస్ అని పేరు. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాకి చెందిన డేవిడ్ ఎంగ్విక్ట్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. పేరులో బస్సు ఊరికే లేదు. బస్సుకి ఒక రూటు, స్టాపులు, టైమ్ ఉన్నట్టే దీనికీ ఉండాలి, ఎవరి కోసమో అది రోజూ మారకూడదు. ఈ ఒక్క మాట మీరు గట్టిగా పట్టుకుంటే సగం గొడవలు రానే రావు.

మొదలు ఒక్క ఇంటితోనే పెట్టండి. వీధి మొత్తాన్ని పిలిచి మీటింగ్ పెడితే అందరూ చాలా బాగుందంటారు, తలా ఒక సలహా ఇస్తారు, సోమవారం పొద్దున ఎవరూ కనపడరు. మీ పిల్లతో ఇప్పటికే ఆడుకునే పిల్ల ఉన్న ఇల్లు ఏదో చూసి, వాళ్ల అమ్మనో నాన్ననో అడగండి. నేను అడిగింది ఇంతే: "మీ బాబూ మా పాపా ఒకే టైమ్‌కి వెళ్తున్నారు కదండీ, బుధవారం ఇద్దర్నీ నేను నడిపించి తీసుకెళ్లనా? మీకు ఇబ్బంది లేకపోతేనే." వారానికి ఒక్క రోజు, నెల పాటు అలాగే నడిపించండి. బయటికి కనిపించే పనికి ఆహ్వానాలు అక్కర్లేదు, వారం వారం అదే టైమ్‌కి మిమ్మల్ని చూసి పక్కింటివాళ్లే "మావాణ్ణి కూడా తీసుకెళ్తారా" అని అడుగుతారు. మా దగ్గర మూడో ఇల్లు అలాగే కలిసింది.

రూటు ఎంచుకునేటప్పుడు దగ్గరి దారి ఏదా అని చూడకండి, రోడ్డు తక్కువసార్లు దాటే దారి, బండ్లు నెమ్మదిగా వెళ్లే దారి చూడండి. బండ్ల సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదాల అవకాశం 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. అందుకే ఐదు నిమిషాలు ఎక్కువైనా సరే, పెద్ద రోడ్డు పక్కనుంచి కాకుండా లోపలి వీధుల్లోంచి వెళ్లడం మంచిది. ఆ దారిలో ముందు మీరొక్కరే, బడి ఉన్న రోజున, సరిగ్గా అదే టైమ్‌కి నడిచి చూడండి. ఆదివారం సాయంత్రం ప్రశాంతంగా ఉండే వీధి పని రోజున ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.

ఆ నడకలోనే ఇంకో పని చేయండి. రోడ్డు దాటాల్సిన ప్రతి చోటా ఒకసారి కిందికి కూర్చుని చూడండి. ఆరేళ్ల పిల్ల ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు ఉంటుంది. మా దారిలో ఒక మలుపు దగ్గర ఎప్పుడూ ఒక వ్యాన్ ఆగి ఉంటుంది. నిలబడి చూస్తే వ్యాన్ అద్దాల్లోంచి అవతలి రోడ్డు కనిపిస్తుంది, నాకెప్పుడూ అది ఇబ్బంది అనిపించలేదు. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే టైరు, దాని పైన ఇనుప రేకు, అంతే, ఇంకేమీ కనపడలేదు. అటు నుంచి వచ్చే డ్రైవర్‌కీ నా తల కనపడదన్నమాట. ఆ రోజే ఆ చోటు వదిలేసి ముప్పై అడుగులు ముందుకెళ్లి దాటాలని నిర్ణయించుకున్నాం.

టైమ్ లెక్క గేటు నుంచి వెనక్కి వేసుకోండి. చిన్నపిల్లలతో కిలోమీటరు నడవడానికి ఇరవై నిమిషాలు పెట్టుకుంటే తొందరపెట్టాల్సిన పని ఉండదు. స్టాపులు రెండో మూడో చాలు, ప్రతి ఇంటి గుమ్మం ముందూ ఆగితే మొదటి ఇంటి పిల్లలకి అది ఎంతకీ తెమలని ప్రయాణం అవుతుంది. స్టాపు దగ్గర ఆగేది రెండు నిమిషాలే. ఎవరూ రాకపోతే బయల్దేరిపోవాలి, ఆ రోజు ఆ పిల్లని దింపే బాధ్యత ఇంట్లోవాళ్లది. మొదటిసారి ఇలా వదిలి వెళ్లేటప్పుడు మనసొప్పదు, నాకూ ఒప్పలేదు, కానీ ఒకరి కోసం ఏడుగురు పిల్లలు లేటై క్లాసు బయట నిలబడటం అంతకంటే అన్యాయం. ఈ నియమం మొదటి రోజే అందరికీ చెప్పేస్తే తర్వాత ఎవరూ బాధపడరు.

పొద్దున లేవలేకపోవడానికి కారణం చాలాసార్లు రాత్రిలోనే ఉంటుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర నిపుణులు చెప్తారు, అంటే ఆరున్నరకి లేవాల్సిన పిల్ల ఎంత లేటైనా తొమ్మిదిన్నరకల్లా నిద్రపోయి ఉండాలి.

పెద్దవాళ్లు ఎంతమంది ఉండాలంటే, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలైతే ముగ్గురికి ఒకరు, ఏడు నుంచి తొమ్మిదేళ్లవాళ్లైతే ఆరుగురికి ఒకరు అన్నది మామూలుగా పాటించే లెక్క. మా ఎనిమిది మందిలో ఇద్దరు మరీ చిన్నవాళ్లు, అందుకే ఇద్దరం వెళ్తాం. ఒకరు ముందు, ఒకరు చివర. ముందున్నవాళ్ల పని రోడ్డు చూడటం, వెనకున్నవాళ్ల పని పిల్లల్ని చూడటం. ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకుంటే ఇద్దరున్నా ఒక్కరు ఉన్నట్టు కూడా కాదు. ఫోన్ బ్యాగులో ఉండాలి, చేతిలో కాదు.

పిల్లల్ని లెక్కపెట్టడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదట్లో మేం బయల్దేరేటప్పుడు ఒకసారి, గేటు దగ్గర ఒకసారి లెక్కపెట్టేవాళ్లం. ఒక రోజు గేటు దగ్గర లెక్కపెడితే ఒకరు తక్కువ. ఆ బాబు బూటు లేసు ఊడిందని ఒక గోడ పక్కన కూర్చుని కట్టుకుంటున్నాడు, పిలిస్తే అందరూ ఆగాల్సొస్తుందని పిలవలేదట. నేను వెనక్కి పరిగెత్తి వెళ్లేసరికి వాడు ఇంకా రెండో బూటు కట్టుకుంటూనే ఉన్నాడు, కంగారేమీ లేదు. నా కాళ్లు మాత్రం చాలాసేపు వణికాయి. ఆ రోజు చివర నడవాల్సింది నేనే, ఇద్దరు పిల్లల గొడవ తీరుస్తూ మధ్యలోకి వెళ్లిపోయాను. అప్పటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాం: చివర నడిచేవాళ్ల వెనక ఏ పిల్లా ఉండకూడదు, రోడ్డు దాటిన ప్రతిసారీ అవతల లెక్కపెట్టాలి, ఎవరైనా "ఆగండి" అంటే ఎందుకని అడక్కుండా అందరూ ఆగాలి. పిల్లల చేతే వరసగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పించండి, వాళ్లకి సరదా, మీకు పని సులువు.

ఇక రోడ్డు దాటడం. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను. 2017లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు, నిజం రోడ్డు కాకుండా తెరల మీద బండ్లు వచ్చే గదిలో పిల్లల చేత రోడ్డు దాటించి చూశారు. ఆరేళ్ల పిల్లలు 8 శాతం సార్లు బండి కింద పడేవాళ్లని తేలింది, పదేళ్లవాళ్లు 5 శాతం, పన్నెండేళ్లవాళ్లు 2 శాతం. పద్నాలుగేళ్లవాళ్లు మాత్రమే పెద్దవాళ్లలా దాటారు. తేడా ఎక్కడొచ్చిందంటే, చిన్నపిల్లలు రెండు బండ్ల మధ్య సందు చూసుకున్నాక కూడా అడుగు వేయడానికి ఇంకొంచెం టైమ్ తీసుకుంటారు. మనం బండి వెళ్లీ వెళ్లగానే కదులుతాం, వాళ్లు చూసి, ఆగి, అప్పుడు కదులుతారు. ఆ ఒక్క క్షణంలో సందు చిన్నదైపోతుంది. కాబట్టి పిల్లలకి నేర్పాల్సింది "గబగబా దాటు" అని కాదు, "పెద్ద సందు కోసం ఆగు" అని.

చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే పిల్ల అవతలికి చేరుతుంది కానీ ఏమీ నేర్చుకోదు. ఫుట్‌పాత్ అంచు దగ్గర ఆగి, "ఇప్పుడు దాటొచ్చా?" అని పిల్లనే అడగండి. "దాటొచ్చు" అంటే "ఎందుకు?" అనండి. మా పాప మొదట్లో "ఏం రావట్లేదు కాబట్టి" అనేది. ఆర్నెల్లకి "ఆ ఎర్ర కారు దూరంగా ఉంది కానీ అది తిరుగుతుందేమో, లైటు వెలుగుతోంది, అది పోయాక వెళ్దాం" అనే దాకా వచ్చింది. నిర్ణయం ఎప్పుడూ మీదే, జవాబు మాత్రం వాళ్లని చెప్పనివ్వండి. చప్పుడు లేని కరెంటు బండ్లు వచ్చాక చెవుల్ని నమ్ముకోవడం సరిపోదు, తల తిప్పి చూడాల్సిందే. ఆగిన బండి వెనక వైపు తెల్ల లైటు వెలిగితే అది వెనక్కి రాబోతోందని కూడా నేర్పండి.

వాన రోజుల్లో గొడుగు కంటే రెయిన్‌కోటు నయం, గొడుగు కిందికి వంచుకున్న పిల్లకి రోడ్డు కనపడదు. చీకటిగా ఉన్నప్పుడు ముదురు రంగు కోటు వద్దు. ఒక చిన్న విషయం, మెరిసే పసుపు, ఆకుపచ్చ రంగులు పగటి వెలుతురులోనే బాగా కనపడతాయి, చీకట్లో పనికొచ్చేది బండి లైటు పడితే తిరిగి మెరిసే పట్టీ, దాన్ని బ్యాగు వెనక అంటించండి. బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదంటారు, 20 కిలోల పిల్లకి 2 కిలోలు. ఒకసారి తూకం వేసి చూడండి, చాలా బ్యాగులు అంతకంటే ఎక్కువే తూగుతాయి.

కాగితం పనులు బోర్ అనిపించినా వదలకండి. ప్రతి ఇంటి నుంచి "మా పిల్లని వీళ్లతో పంపడానికి మాకు ఇష్టమే" అని రెండు ముక్కలు రాయించుకోండి, ఇద్దరు పెద్దవాళ్ల ఫోన్ నంబర్లు, ఆస్తమా, అలర్జీ లాంటివి ఏమైనా ఉంటే అవి, మందు బ్యాగులో ఏ జేబులో ఉంటుందో కూడా. ఆ రోజు తోడు వెళ్లేవాళ్ల దగ్గర ఆ కాగితం ఉండాలి. గేటు ఎన్నింటికి తెరుస్తారో బడిలో అడిగి తెలుసుకోండి, ఇలా నడిపించుకొస్తున్నామని క్లాసు టీచర్‌కి ఒక మాట చెప్పండి. పిల్లల ఫోటోలు, రూటు, టైమ్ ఎక్కడా అందరికీ కనపడేలా పెట్టొద్దు. ఫోన్ గ్రూపులో కూడా ఆ రోజు ఎవరు రావట్లేదు, ఎవరు వంతు మార్చుకున్నారు, ఈ రెండే రాయాలని పెట్టుకోండి. గుడ్ మార్నింగులు మొదలైతే అసలు మెసేజ్ కింద పడిపోతుంది.

కొందరు వంతుకి రాలేరు. నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికొచ్చేవాళ్లు, ఒళ్లో పసిపిల్ల ఉన్నవాళ్లు. వాళ్ల పిల్లల్ని వదిలేయకండి, అలాంటి ఇళ్లకే ఇది ఎక్కువ అవసరం. నెల నెలా వంతుల పట్టిక రాయడం, సెలవులు గుర్తుచేయడం లాంటి పని వాళ్లకి ఇవ్వండి. రాగలిగీ రాని వాళ్లతో మాత్రం గ్రూపులో కాకుండా విడిగా, ఎదురుగా మాట్లాడండి, "మీకు ఏ రోజు వీలవుతుందో చెప్పండి, ఆ రోజే వేసుకుందాం" అంటే చాలామంది కాదనరు.

దారిలో పిల్లలు మాట్లాడే మాటలు వింటే మీకు ఎన్నో తెలుస్తాయి. ఎదురెదురుగా కూర్చోబెట్టి "బడిలో ఏం జరిగింది" అంటే "ఏం లేదు" అనే పిల్లలే, పక్కన నడుస్తూ ఉంటే అడక్కుండానే చెప్తారు. పక్కింటి విషయాలు కూడా వినపడతాయి. అవి మీ దగ్గరే ఉండాలి, వేరే ఇంటికి వెళ్లకూడదు, వెళ్లిన రోజే నమ్మకం పోతుంది. ఒక్క విషయంలో మాత్రం ఊరుకోవద్దు: ఏ పిల్లైనా ఎవరో కొడుతున్నారనో, బెదిరిస్తున్నారనో, ఫలానా చోటికి వెళ్లాలంటే భయంగా ఉందనో అంటే, తేలిగ్గా తీసిపారేయకుండా ఆ పిల్ల నమ్మే పెద్దవాళ్లకి అదే రోజు చెప్పండి.

పదేళ్లు దాటిన పిల్లలకి కొద్దికొద్దిగా ముందుండే పని ఇవ్వండి, మీరు మాత్రం చేతికందే దూరంలోనే ఉండండి. మా గుంపులో పెద్ద పాపకి పదకొండేళ్లు. మలుపు దగ్గరికి రాగానే తనే ఆగి, రెండు చేతులూ అడ్డంగా చాచి చిన్నవాళ్లని ఆపుతుంది. అటూ ఇటూ చూసి, నా వైపు తిరిగి "ఆంటీ, వెళ్లొచ్చా?" అని అడుగుతుంది. నేను "నువ్వే చెప్పు" అంటాను. ఇంకోసారి చూస్తుంది, అప్పుడు చేతులు దించుతుంది.