రాయబారి మాట ఢిల్లీలో ఎంత చెల్లిందో తేల్చడం: ప్రాజెక్టు రాసేవాళ్లకు

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో చరిత్ర, రాజనీతి శాస్త్రం ప్రాజెక్టుకి "విదేశాంగ విధానంపై రాయబారి ప్రభావం" అని తీసుకున్నవాళ్లు చాలామంది ఆయన జీవిత చరిత్ర రాసేస్తారు. పుట్టిన ఊరు, చదువు, పదవులతో పది పేజీలు నిండుతాయి. ప్రభావం మాత్రం ఎక్కడా కనిపించదు. అందుకే ముందు ఒక్క నిర్ణయాన్ని పట్టుకోండి, మనిషి సంగతి తర్వాత.

ఇక్కడ కూర్చుని చేయడానికి వీలైన ఉదాహరణ కె.ఎం. పణిక్కర్. 1950-52లో పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) మన రాయబారి. నెహ్రూ రచనల సంపుటాలు, కొరియా యుద్ధంపై అమెరికా విదేశాంగ శాఖ బయటపెట్టిన టెలిగ్రాములు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మన జాతీయ అభిలేఖాగారం ఫైళ్లకు దాని వెబ్‌సైట్ అభిలేఖ్ పటల్ వెతకండి.

లాంగ్ నోట్‌బుక్ అడ్డంగా తిప్పి నాలుగు గడులు గీయండి: తేదీ, రాయబారి పంపిన కబురు, రాజధానిలో ఎవరేమన్నారు, చివరికి ఏం చేశారు. మొదటి వరుస ఇలా ఉంటుంది. 1950 అక్టోబర్ 3 తెల్లవారకముందే చైనా ప్రధాని చౌ ఎన్‌లై పణిక్కర్‌ను పిలిపించి, అమెరికా సైన్యం 38వ అక్షాంశం (ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య గీత) దాటితే చైనా యుద్ధంలోకి దిగుతుందని చెప్పాడు. ఢిల్లీ ఆ కబురును వాషింగ్టన్‌కు చేరవేసింది. పణిక్కర్ చైనా పక్షపాతి అని అక్కడ కొట్టిపారేశారు. అక్టోబర్ 7న అమెరికా సైన్యం దాటడం మొదలైంది, 19న చైనా సైన్యం సరిహద్దులోని యాలూ నది దాటి కొరియాలోకి వచ్చింది. అంటే కబురు నిజమే, వాషింగ్టన్‌పై దాని ప్రభావం సున్నా. ఈ రెండూ కలిపేస్తే ప్రాజెక్టు అక్కడే చెడుతుంది.

తేదీల దగ్గర జాగ్రత్త. పెకింగ్‌లో అక్టోబర్ 3 మొదలైన ఆ వేళకి వాషింగ్టన్‌లో ఇంకా 2వ తేదీయే. ఏ ఊరి తేదీయో పక్కన రాయకపోతే జవాబు ప్రశ్న కంటే ముందొచ్చినట్టు కనిపిస్తుంది.

1950 అక్టోబర్‌లో చైనా సైన్యం టిబెట్‌లోకి వెళ్లింది; ఆ టిబెట్ వరుసే అసలు కష్టం. చైనా చర్యలకు సమర్థన వెతకడానికి మన రాయబారి తెగ తంటాలు పడ్డారని పటేల్ 1950 నవంబర్ 7న నెహ్రూకు రాసిన లేఖలో తప్పుపట్టారు. నవంబర్ 18 నాటి నోట్‌లో నెహ్రూ మాత్రం టిబెట్‌ను మనం కాపాడలేమని తేల్చారు. ఇంతవరకు చూసి "పణిక్కర్ ఒప్పించాడు" అని రాసెయ్యకండి. నెహ్రూ అభిప్రాయం ముందునుంచీ అదే అయితే రాయబారి దానికి వంత పాడాడంతే. తేల్చాలంటే పణిక్కర్ నియామకానికి ముందు నెహ్రూ రాసినవి తీసి పక్కన పెట్టండి. మాట మారినచోటే ప్రభావం వెతకాలి. ఎదురు సాక్ష్యం కూడా వదలొద్దు: అక్టోబర్ 26న ఢిల్లీ చైనాకు నిరసన పత్రం పంపింది.

రాయబారి సొంత జ్ఞాపకాలను చివర్లో చదవండి. మొదట చదివితే ప్రతి మలుపులోనూ ఆయనే కనిపిస్తాడు.

ఇంకో తప్పు 1954 ఏప్రిల్ 29 నాటి టిబెట్ ఒప్పందాన్ని నేరుగా ఆయన ఖాతాలో వెయ్యడం. ఆయన 1952లోనే పెకింగ్ వదిలారు, సంతకం చేసింది ఆయన తర్వాత వచ్చిన రాయబారి ఎన్. రాఘవన్.

ఇదే ప్రశ్న సివిల్స్ మెయిన్స్‌లో వస్తే, 15 మార్కులకు 250 పదాలే కాబట్టి నాలుగు వరుసలకు మించి ఎక్కించకండి. కొరియాకి ఒకటి, టిబెట్‌కి రెండు, ఎదురు సాక్ష్యానికి ఒకటి చాలు.