కోనసీమ దారుల్లో కేరవాన్: నీళ్ళు, పైపులు, లెట్రిన్ ట్యాంకు

గోదావరి డెల్టాలో కేరవాన్‌కు నీళ్ళు నింపుకోవడం పెద్ద పని కాదు. వాడిన నీళ్ళను వదిలించుకోవడమే అసలు పని. ఎటు చూసినా నీళ్ళే కనిపిస్తాయి గానీ ఆ నీళ్ళన్నీ ఎవరో ఒకరు వాడుకునేవే. ధవళేశ్వరం నుంచి దిగే కాలువ నీరు వరిచేలకే కాదు, ఊరి మంచినీళ్ళ చెరువుకూ వెళ్తుంది. పక్కనున్న బోదె నీరు రొయ్యల చెరువులోకో చేపల చెరువులోకో ఎక్కుతుంది. విదేశాల్లో కేరవాన్ ట్యాంకులు ఖాళీ చేయడానికి దారి పొడవునా ఏర్పాట్లుంటాయి. కోనసీమ మీదుగా వెళ్ళే 216 జాతీయ రహదారి మీద అలాంటివి ఆశించకండి. విదేశీ పుస్తకాలు చలికి పైపులు గడ్డకట్టడం గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. మనకా బాధ లేదు. మనల్ని ఇబ్బంది పెట్టేవి ఎండ, ఉప్పు నీరు, వానాకాలంలో చేయి లోతున తవ్వితే నీరు ఊరే నేల.

ముందు లీటర్ల లెక్క

బండిలో మూడు ట్యాంకులుంటాయి: మంచినీళ్ళది, స్నానం-వంట నీళ్ళు పడే గ్రే ట్యాంకు, లెట్రిన్ నీళ్ళు పడే బ్లాక్ ట్యాంకు. వచ్చిన చిక్కేమిటంటే ఈ కొలతలు చాలావరకు కాగితం వాడే దేశాల లెక్క మీద వచ్చాయి. మనం నీళ్ళు వాడతాం. దొడ్డికి వెళ్ళినప్పుడు ఫ్లష్‌కు 2 లీటర్లు, కడుక్కోవడానికి ఇంకో 2 లీటర్లు. మూత్రానికి వెళ్ళినప్పుడల్లా లీటరు, లీటరున్నర. మనిషికి రోజుకు 11, 12 లీటర్లు తేలుతుంది. నలుగురికి దగ్గర దగ్గర 45 లీటర్లు. అంటే 75 లీటర్ల బ్లాక్ ట్యాంకు ఒకటిన్నర రోజుకే నిండుతుంది. 20 లీటర్ల క్యాసెట్ (బయటికి తీసి చేత్తో మోసుకెళ్ళే చిన్న లెట్రిన్ ట్యాంకు) అయితే సగం రోజు దాటదు.

హెల్త్ ఫాసెట్ ఎంత నీళ్ళు వదులుతుందో ఒకసారి బకెట్‌లోకి నిమిషం పాటు వదిలి చూడండి. చాలా బళ్ళలో దాన్ని తీసేసి అరలీటరు చెంబు పెడితేనే ట్యాంకు ఇంకో పూట ఆగుతుంది. గ్రే ట్యాంకు లెక్కా ఇంతే: తలకు బకెట్ చొప్పున నలుగురి స్నానాలకు 60 లీటర్లు, అంట్లకు 20, 25. వంద లీటర్ల ట్యాంకు ఒక్క రోజుకు సరిపోతే గొప్ప. అందుకే స్నానాలు దిగిన చోటనే, లాడ్జిలోనో చుట్టాలింటిలోనో కానిచ్చుకుని, బండిలోని షవర్‌ను అవసరానికి అట్టేపెట్టుకోవడం మంచిది.

బరువు కూడా గుర్తుంచుకోండి. లీటరు నీళ్ళు కిలో. 150 లీటర్లు నింపుకుని కాలువ గట్టు మీద ఇరుకు దారిలో వెళ్ళడమంటే ఇద్దరు మనుషులను అదనంగా ఎక్కించుకున్నట్టే. ప్రయాణంలో పావు ట్యాంకు చాలు, మిగతాది దిగే ఊళ్ళో నింపుకోవచ్చు. వేసవిలో మాత్రం ఈ మాట వర్తించదు. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక ఊళ్ళల్లో కుళాయి నీళ్ళకే కటకటగా ఉంటుంది. అప్పుడు బయలుదేరిన చోటే నిండా నింపుకోండి, ఊరివాళ్ళ కుళాయి దగ్గర బండి ఆపకండి.

నింపే నీళ్ళు

సముద్రం దగ్గరి ఊళ్ళలో, అంతర్వేది వైపూ ఓడలరేవు వైపూ, చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. కొన్నిచోట్ల ఇనుము ఎక్కువ. ఉప్పు నీరు గీజరు కాయిల్‌నూ పంపులోని లోహపు భాగాలనూ తింటుంది, ఇనుము నీరు ట్యాంకులో ఎర్రని మడ్డి వేసి పంపు ముందున్న జాలీని మూసేస్తుంది. నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చూపే టీడీఎస్ మీటరు చవకే, జేబులో పెట్టుకోండి. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని భారత ప్రమాణం, వేరే దారి లేకపోతే 2000 వరకు. ఇనుము మీటరుకు అందదు. గ్లాసు నీళ్ళలో పాలు కలపని చిక్కటి టీ డికాక్షన్ రెండు చెంచాలు పోయండి. కాసేపటికి నీళ్ళు సిరాలా నల్లబడితే ఆ నీళ్ళు ట్యాంకులోకి వద్దు.

కొత్త బండికీ, నెలల తరబడి ఆగిన బండికీ ముందు ట్యాంకును క్లోరిన్‌తో కడగాలి. వంద లీటర్లకు 15 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు చాలు. దాన్ని బకెట్ నీళ్ళలో కలిపి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్ళే ట్యాంకులో పోయండి. మడ్డి పడితే పంపు జాలీ మూసుకుంటుంది. ట్యాంకు నిండా నీళ్ళు నింపి, ప్రతి కుళాయినీ బ్లీచింగ్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, నాలుగు గంటలు వదిలేయండి. తర్వాత ఖాళీ చేసి రెండుసార్లు మంచినీళ్ళతో కడగాలి. ఆ బ్లీచింగ్ నీళ్ళు చెరువుల దరిదాపుల్లో వదలకండి, రొయ్యకు క్లోరిన్ విషం. బ్లీచింగ్‌నూ లెట్రిన్ కడిగే యాసిడ్‌నూ పొరపాటున కూడా కలపకండి. వచ్చే వాయువు ఊపిరితిత్తులను పాడు చేస్తుంది, ఇరుకు బండిలో మరీ ప్రమాదం.

పైపులు ఎక్కడ వదులవుతాయి

ఇల్లు కదలదు, బండి కదులుతుంది. ఇంటి ప్లంబింగ్ చేసే మేస్త్రీతో బండి పైపులు వేయించుకుంటే వచ్చే తంటా అంతా ఇక్కడిదే. సొల్యూషన్‌తో అతికించిన సీపీవీసీ బిగువుగా ఉంటుంది. గతుకుల రోడ్డు మీద ఆ బిగువే మూల మలుపుల దగ్గర పగులుగా మారుతుంది. పెక్స్ పైపుకు వంగే గుణం ఉంది కాబట్టి బండికి అదే మేలు. అది దొరక్కపోతే, సీపీవీసీ వాడినా ట్యాంకు దగ్గరా పంపుకు రెండు పక్కలా అడుగు పొడవు మందపాటి అల్లిక గొట్టం పెట్టించి స్టీలు క్లిప్పులు బిగించండి. ప్రతి 40, 50 సెంటీమీటర్లకు ఒక క్లాంపు ఉండాలి. రేకు అంచు తగిలే చోట రబ్బరు ముక్క చుట్టండి, లేకపోతే ఆ అంచే పైపును కోస్తుంది. ప్లాస్టిక్ మరలకు టెఫ్లాన్ టేపు ఐదారు చుట్లు, మర బిగిసే దిశలోనే. చేత్తో బిగించాక పానాతో అర చుట్టు, అంతే. ఇంకా బిగిస్తే ఆడమర చీలుతుంది, అది వెంటనే కాకుండా పదిరోజుల తర్వాత కారడం మొదలెడుతుంది.

కుళాయి తిప్పగానే తనంత తాను తిరిగే 12 వోల్టుల డయాఫ్రం పంపు పనిమనిషీ కాపలాదారూ రెండూ అదే. కుళాయిలన్నీ కట్టేసి ఉండగా పంపు ఉండుండి టక్కున తిరిగి ఆగిపోతుంటే ఎక్కడో కారుతోందని అర్థం, లేదా పంపులోని వెనక్కు రానివ్వని వాల్వు అరిగింది. ఒక్కొక్క జాయింటు చుట్టూ న్యూస్‌పేపరు ముక్క చుట్టి, పంపు ఆన్ చేసి అరగంట ఆగండి. తడిసిన ముక్క చోటు చెబుతుంది. బండి నడిచేటప్పుడూ పడుకునేముందూ పంపు స్విచ్ ఆపేయాలి. ఆపకపోతే, ఒక పైపు ఊడినా ట్యాంకు మొత్తాన్ని ఆ పంపే మంచాల కిందికి తోడేస్తుంది.

బయటి కుళాయికి బండిని తగిలిస్తే ఇంటి మీది ట్యాంకు ఒత్తిడి భయం లేదు. పది మీటర్ల ఎత్తుకు ఒక బార్, రెండంతస్తుల ఇంటికి అంతకంటే తక్కువే. రిసార్టుల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ ప్రెషర్ పంపులుంటాయి, జాగ్రత్త అక్కడ. 3 బార్ దాటకుండా ప్రెషర్ రెగ్యులేటరును కుళాయి వైపు పెట్టండి, బండి వైపు కాదు. అప్పుడే మధ్యనున్న గొట్టమూ బతుకుతుంది.

గ్రే ట్యాంకు

నిండిన గుర్తు మీటరు కంటే ముందు షవర్ నహానీ ట్రాప్‌లో కనిపిస్తుంది. బండిలో అన్నిటికంటే కింద ఉన్న తూము అదే. సింకులో నీళ్ళు వదిలితే షవర్ పళ్ళెంలో బుడగలు వస్తున్నాయంటే ఇక ఒక్క చెంబు కూడా పోయకండి. బండి ఏటవాలుగా గట్టు మీద ఆగినా ఇదే జరుగుతుంది, ట్యాంకు సగమే నిండి ఉన్నా సరే. రాత్రి ఆపేచోట చదునుగా ఉందో లేదో ముందే చూసుకోవాలి.

దీని వాసన చాలామంది అనుకునేదానికంటే దారుణం. కారణం గంజి. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, చేప ముక్కలు కడిగిన నీళ్ళు ట్యాంకులో పడి 40 డిగ్రీల ఎండలో ఒక పగలు ఉంటే లెట్రిన్ ట్యాంకే నయమనిపిస్తుంది. గంజినీ బియ్యం కడిగిన నీళ్ళనూ వేరే గిన్నెలో పట్టి, దగ్గర్లో పాడి ఉన్నవాళ్ళింట కుడితి తొట్టిలో పోయండి. కాదనేవాళ్ళు ఉండరు. చేప పొలుసు సింకులోకి రాకుండా సన్న జాలీ పెట్టండి. నూనె గిన్నెలను ముందు కాగితంతో తుడిచి తర్వాత తోమండి. ఒట్టి స్నానం నీళ్ళయితే, తోట యజమాని ఒప్పుకుంటే, కొబ్బరి పాదుకో అరటి పాదుకో వదలొచ్చు, ఒకే మొక్కకు కాకుండా నాలుగైదింటికి పంచి. కాలువలోకి, బోదెలోకి, చెరువులోకి వద్దు. బ్లాక్ ట్యాంకుది అయితే తోటలోకి కూడా వద్దు.

బ్లాక్ ట్యాంకు

దీని వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. రిసార్టులో రెండు రోజులు గొట్టం తగిలించుకుని ఆగినప్పుడు చాలామంది తెరిచి వదిలేస్తారు. నీళ్ళు జారిపోతాయి, గట్టిది కమోడు కింద గుట్టగా నిలిచి ఎండుతుంది. ఖాళీ చేసిన ప్రతిసారీ తిరిగి 8, 10 లీటర్ల నీళ్ళూ బయో ఎంజైమ్ మందూ పోసి మొదలుపెట్టండి. ఫినాయిల్, యాసిడ్, ఫార్మాలిన్ ఉన్న మందులు వద్దు. మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులను అవి చంపేస్తాయి. మీ ట్యాంకులోనే కాదు, రేపు మీరు ఖాళీ చేసే ఇంటివాళ్ళ సెప్టిక్ ట్యాంకులో కూడా. తడి వైప్స్, ప్యాడ్లు, జుట్టు లోపల పడకూడదు. గుట్ట కట్టేస్తే మూడింట రెండు వంతులు గోరువెచ్చని నీళ్ళు నింపి, రాత్రంతా నానబెట్టి, తెల్లారి పది కిలోమీటర్లు బండి నడపండి. గతుకులు చేసే పని ఇనుప చువ్వ చేయదు, చువ్వ వాల్వు పలకను చీలుస్తుంది.

ట్యాంకు మీటరు నమ్మకండి. గోడకు అంటుకున్న చెత్త వల్ల సగం ఉన్నా నిండిందని చూపిస్తుంది. లెక్క రాసుకోవడమే నయం.

ఖాళీ చేయడానికి ఒక మెలిక ఉంది. డెల్టాలో ఇళ్ళు మెరక చేసి కడతారు, బండి రోడ్డు మీద పల్లంలో ఉంటుంది. ట్యాంకు నోరు కిందా ఇంటి లెట్రిన్ పైనా ఉంటే నీరు తనంత తాను పైకి పోదు. అందుకే రెండే దారులు: చేత్తో మోసుకెళ్ళే క్యాసెట్, లేదా నలగ్గొట్టి సన్న గొట్టంలో ఎత్తిపోసే మాసరేటర్ పంపు. కొత్తగా బండి కట్టించుకునేవారు ఇక్కడ తిరగడానికైతే క్యాసెట్‌నే ఎంచుకోండి, ఇంకొక క్యాసెట్ అదనంగా కొనుక్కోండి. పోసేటప్పుడు గాలి బొత్తాన్ని నొక్కి పట్టుకుంటే నీళ్ళు ఎగిరి కాళ్ళ మీద పడవు.

ఇంటివారిని ముందే అడగండి. సిమెంటు వరల గుంట ఒక్కటే ఉన్న చోట పోయకండి, దాని సామర్థ్యం ఆ కుటుంబానికే చాలీచాలకుండా ఉంటుంది. మూడు గదుల సెప్టిక్ ట్యాంకు ఉన్నచోటైనా, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నేలలో నీరు పైకి వచ్చి ఉంటుంది కాబట్టి ముందు ఒక బకెట్ నీళ్ళు లెట్రిన్‌లో పోసి చూడండి. దిగకుండా పైకి లేస్తే దండం పెట్టి వచ్చేయండి. అలాంటప్పుడు సెప్టిక్ ట్యాంకు లారీవాళ్ళను పిలిపించి నేరుగా బండిలోంచి లాగించుకోవడమే మార్గం. లారీవాళ్ళ గొట్టం చివర మీ మూడంగుళాల నోటికి సరిపోకపోవచ్చు, సరిపడే రబ్బరు రీడ్యూసర్ మీ దగ్గర ఉంచుకోండి. ఎవరి సెప్టిక్ ట్యాంకు మూతా తెరిచి తల పెట్టి చూడకండి, అగ్గిపుల్ల గీయకండి, మనిషిని దింపకండి. లోపలి వాయువులు ఒక్క శ్వాసలో పడగొడతాయి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నిషేధించింది కూడా.

గొట్టం తగిలించేముందు రబ్బరు గ్లవ్స్ వేసుకుని, మూత కింద బకెట్ పెట్టి, మూతను పావు చుట్టే తిప్పి ఆగండి. వాల్వు రబ్బరులో ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటే పైపులోకి దిగిన నీళ్ళు మూత వెనకే కాచుకుని ఉంటాయి. చుక్కలు పడితే పూర్తిగా కారనిచ్చి అప్పుడు తీయండి. ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే వదిలితే సబ్బు నీళ్ళు గొట్టాన్ని కడిగి వెళ్తాయి. బ్లాక్ గొట్టం, మంచినీళ్ళ గొట్టం ఒకే పెట్టెలో పెట్టకండి.

వాసన వస్తే ఈ వరుసలో చూడండి: ముందు పైకప్పు ఫ్యాన్. అది తిరుగుతుండగా ఫ్లష్ పలక తెరిస్తే ట్యాంకు గాలంతా బండిలోకి లాగుతుంది, ఆపి ఫ్లష్ చేయండి. తర్వాత సింకు ట్రాపులు, అంటే వాసన రాకుండా నీళ్ళు నిలిచే పైపు వంపులు. కుదుపులకు నీళ్ళు చిమ్మి ఖాళీ అవుతాయి, ఆగగానే అరచెంబు పోయాలి. తర్వాత కమోడు రబ్బరు. దానికి సిలికాన్ స్ప్రే కొట్టండి. కొబ్బరినూనె, వాజలిన్ పూస్తే ఉబ్బి చెడుతుంది. చివరగా పైకప్పు మీది గాలి గొట్టం. అందులో కందిరీగలు మట్టిగూడు కట్టి ఉంటాయి, ఫ్లష్ చేసినప్పుడు గుడగుడమంటే అదే. దోమలు దూరకుండా నైలాన్ జాలీ కట్టండి గానీ నెలకోసారి దులపండి.

నరసాపురం, సఖినేటిపల్లి లాంటి పంటు (బళ్ళను గోదావరి దాటించే పడవ) రేవుల్లో బండి ఎక్కించేటప్పుడు వెనక ఇరుసు దాటాక వేలాడే డ్రెయిన్ పైపు రేవు వాలుకు గీరుకుంటుంది. ఆ పైపుకు కింద ఇనుప పట్టీ వేయించి, ఎక్కేముందు ఒక మనిషి దిగి వెనక నుంచి చూడాలి. ట్యాంకులు నిండి ఉంటే వెనక స్ప్రింగులు కుంగి పైపు ఇంకా కిందికి దిగుతుంది, కాబట్టి రేవుకు వెళ్ళేముందే ఖాళీ చేసుకోండి.